అంబలికుండయు అమెరికాపెట్టెయు

గత వేసవిలో మా మేనల్లుడు టెక్సాసునుండి హిందూపురమునకు వచ్చినప్పుడు, తల్లికి తెచ్చినవి తల్లికిచ్చి, ఇరుగుపొరుగు పిల్లలకు చాక్లెట్లు పంచిపెట్టిన పిమ్మట, పెట్టెయడుగున బట్టల నడుమ భద్రముగా చుట్టియుంచిన సామగ్రిని బయటికి దీసి నడవలోని బల్లమీద వరుసగా పేర్చెను. నాలుగు లీటర్లకు కొంచెము తక్కువ పట్టు గాజుకూజా, దాని మూతికి సరిపోవు రబ్బరు బిరడా, బిరడా నడిమి బెజ్జములో నిలువవలసిన వంకరల గొట్టము, దూదిలో చుట్టిన సన్నని గాజుకాడ, థర్మామీటరు, రెండు మూరల రబ్బరు గొట్టము, తెల్లని పొడి నిండిన పొట్లము. మా అక్క వంటింటినుండి చేతులు తుడుచుకొనుచు వచ్చి, ఒక్కొక్కదానిని తేరిపార జూచి, "ఏంది నాయనా ఇది, ఆస్పత్రి సామాను మాదిరి ఉండాదే?" అనెను. "ఇంట్లో బీరు చేసుకునే కిట్టు మా. అక్కడ శానామంది చేసుకుంటారు, వంట మాదిరే" అని వాడు. "అక్కడ వంటేమో గానీ, ఇక్కడ కేసయితుంది నాయనా" అని ఆమె వెనుదిరిగి, అంబలికుండమీది తడిగుడ్డ సరిచేయుటకు లోనికి బోయెను.

ఇంట పానీయమును పులియబెట్టదలచిన క్రొత్తవాడు ఏమి కొనవలెను, ఏమి కొననక్కరలేదు అను ప్రశ్న పైకి అంగడిబేరమువలె కనబడును గాని, దానిలో చట్టము, ధాన్యము, ఎండ, నీరు, పాత్ర యను వేర్వేరు ప్రశ్నలు చిక్కుపడియున్నవి. కిట్టులమ్మువారు వీనిలో పాత్రనుగూర్చియే పుటలకొలది వ్రాయుదురు; కొనువాడును దాని మెరుగు చూచియే మురియును. ఆ పెట్టెను మూడు వారములు ముందిడుకొని కూర్చున్న మీదట నాకు తోచినదేమనగా, పాత్ర యన్నింటిలో కడపటిదనియు, అది చాలవరకు మన యిండ్లలో నున్నదే యనియు, పెట్టెలో నిజముగా విలువగలవి కొలత చెప్పు రెండు చిన్న పరికరములును శుద్ధిచేయు పొడియు మాత్రమే యనియును.

చట్టముతో మొదలిడుట నీరసమే యైనను, మా అక్క అక్కడనే మొదలిడినది గనుక నాకును తప్పదు. మత్తుపానీయముల సంగతి మన రాజ్యాంగమున రాష్ట్రముల జాబితాలో చేరినది. నలుబదియేడవ యధికరణము మద్యనిషేధమును రాజ్యము లక్ష్యముగా గొనవలెనని చెప్పుచున్నది. ఆంధ్రప్రదేశమున 1968 నాటి ఎక్సైజు చట్టము ప్రకారము లైసెన్సు లేక మద్యము తయారుచేయుట నేరము. అది బట్టిపెట్టిన సారాయైనను, గాజుకూజాలో నురుగుచున్న బీరైనను, అమ్మకమునకైనను, తన గొంతునకైనను చట్టమునకు భేదము లేదు. ఈ సీమ నిషేధమునకు క్రొత్తదియు గాదు. అనంతపురము మద్రాసు రాష్ట్రములో నున్న దినములలో, 1937లో సేలము జిల్లాలో రాజాజీ ప్రారంభించిన మద్యనిషేధము 1948 నాటికి రాష్ట్రమంతట వ్యాపించెను. తరువాత సడలిన నిషేధము, నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో లేవదీసిన సారా వ్యతిరేకోద్యమముతో మరల ప్రాణము పోసికొని, 1993 అక్టోబరులో సారా నిషేధముగను, 1995 జనవరి 16నుండి సంపూర్ణ మద్యనిషేధముగను పరిణమించి, 1997లో సడలినది. ఆ సంపూర్ణ నిషేధమును దెచ్చిన నందమూరి తారకరామారావుగారు 1985, 1989, 1994 ఎన్నికలు మూడింటను గెలిచినది మా హిందూపురమునుండియే. బీరుకిట్టు మా యింటి బల్లమీద నున్నంతసేపు, ఆయన యెక్కడనుండియో చూచుచున్నట్లే నాకుండినది.

లోకమంతట నిట్లే యున్నదని కాదు. ఇంగ్లండులో 1963లో ఇంటి బీరునకు లైసెన్సు అక్కరలేకుండ జేసిరి. అమెరికాలో 1978 అక్టోబరున అధ్యక్షుడు కార్టరు సంతకము చేసిన చట్టము, ఇంట నిద్దరు పెద్దలున్నచో ఏటికి 200 గాలనులు, అనగా సుమారు 757 లీటర్లు, పన్ను లేక కాచుకొనుట కనుమతించినది. అయినను అలబామా, మిసిసిపీ రాష్ట్రములు 2013 వరకు దానికి తలయొగ్గలేదు. అమ్మకమునకును, బట్టిపెట్టుటకును ఆ చట్టము తలుపు తెరువలేదు. కొరియాలో ఇంట జేయు బియ్యపు మద్యము మక్కొల్లికి చిరకాలముండిన నిషేధమును తొలగించినది 1995లో. మన రాష్ట్రము తలుపు మూసిన యేడే వారు తెరచిరి. ఆ కొరియావారే యిప్పుడు పెనుకొండ ప్రక్కన యెర్రమంచిలో కియా కార్ల కర్మాగారము కట్టి 2019నుండి మన పొరుగువారైరి. ఊపిరి పీల్చు మట్టిజాడీలు వారి దేశమున ప్రసిద్ధములు. ఆ మాట పాత్రల ప్రసంగమున మరల వచ్చును.

మన పూర్వులు ఈ విషయమున ఎంత మధ్యేమార్గమున నడచిరో తెలియవలెనన్న, 1905లో మైసూరు ప్రాచ్యగ్రంథాలయమున శ్యామశాస్త్రిగారికి దొరికి 1909లో అచ్చుపడిన కౌటిల్యుని అర్థశాస్త్రము చూడవలెను. సురాధ్యక్షుడను అధికారి చేతిలో మద్యవ్యాపారమంతయు నుంచిన ఆ రాజనీతిజ్ఞుడే, గృహస్థులు శుభకార్యములందు తెల్లని సురను, మందుకొఱకు అరిష్టమును ఇంట జేసికొనవచ్చుననియు, ఉత్సవములలోను జాతరలలోను నాలుగు దినములు స్వేచ్ఛ నీయవలెననియు విధించినాడు. మేదకమను పానీయమునకు ద్రోణము నీరు, అర్ధాఢకము బియ్యము, మూడు ప్రస్థముల కిణ్వము కావలెనట. ఆఢకమునకు నాలుగు ప్రస్థములు గనుక బియ్యము రెండు ప్రస్థములే. బియ్యముకంటె పులియబెట్టు కిణ్వమే హెచ్చు! ఆ కిణ్వమును మినుములును బియ్యమును కలిపి చేయుమన్న వాక్యము చదివినప్పుడు, మన ఇడ్లీపిండి గిన్నె కన్నులకు గట్టినది. నేడు పందొమ్మిది లీటర్ల బీరునకు పదునొకండు గ్రాముల పొడి ఈస్టు పొట్లము చాలుచున్నదన్న, అది 1883లో కోపెన్‌హేగనులోని కార్ల్స్‌బర్గు ప్రయోగశాలలో హాన్సెను ఏకైక కణమునుండి నిర్మలమైన ఈస్టును పెంచిన పుణ్యము. అంతకు ముందు వేలయేండ్లు మనుష్యుడు పిడికెడు పాత పిండిని, పాత కుండను నమ్ముకొని బ్రతికినవాడే.

ఇక ధాన్యము. కిట్టులలో వచ్చునది యవల మాల్టునుండి తీసిన పాకము. తేనెవలె చిక్కగా డబ్బాలో నుండును, లేదా పొడిగా నుండును. క్రొత్తవాడు దీనితో ప్రారంభించుటయే మేలని యెల్లరు చెప్పుదురు, నేనును అదే చెప్పెదను. ఏలయన ధాన్యములోని పిండిపదార్థమును చక్కెరగా మార్చు కష్టము నింకొకరు పడియుందురు. కాని ఆ కష్టమేమో తెలిసికొనుటకు టెక్సాసునకు బోనక్కరలేదు. మడకశిర, హిందూపురము వైపు ఏ యింటి వంటగదిలోనైనను చూడవచ్చును. కోస్తావారు చోళ్లనియు, తెలంగాణమువారు తైదలనియు పిలుచు రాగులను మా అక్క రాత్రి నానవేసి, ఉదయము నీరొంపి, తడి పలుచని గుడ్డలో మూటగట్టి గోడకొంకికి వ్రేలాడదీయును. మధ్యాహ్నమొకసారి, సాయంకాలమొకసారి మూటపై నీళ్లు చిలుకరించును. మరునాటికి గుడ్డ యల్లికలలోనుండి తెల్లని వేరుమొనలు సన్నని దారములవలె పొడుచుకొని వచ్చును. మూట విప్పినచో పచ్చిగడ్డి వాసన. రెండవనాడు చేటలో పలుచగా పరచి యెండబెట్టి, అరచేతులతో నలిపి, వేళ్లు రాలగొట్టి చెరిగి, మంద మంటపై వేయించి విసరును. పసిపిల్లల తల్లులకు పంచిపెట్టు ఆ రాగిమాల్టుపిండినిగూర్చి ఆమె చెప్పినమాట నేను వ్రాసియుంచితిని: "ఉత్త పిండయితే గరిటె నిలబడుతుంది. ఈ పిండి ఎంత వేసినా జారిపోతాది, గట్టిపడదు." పలుచగానే యుండును గనుక పసివాని చిన్నపొట్టలో ఎక్కువ పిండి పట్టించవచ్చునని తల్లులకు తెలియును. గట్టిపడకుండ జేయునది మొలకలో పుట్టిన ఎంజైము. 1833లో పయెను, పెర్సో అను ఫ్రెంచి పండితులు మొలకెత్తిన యవలనుండి దీనినే వేరుచేసి డయాస్టేసని పేరు పెట్టిరి. బీరుకాచువాడు మాల్టును అరువదియైదు డిగ్రీల నీటిలో గంటసేపు నానబెట్టుటయు, మా అక్క జావ జారిపోవుటయు ఒకటే చర్య. ఒక్క భేదము కలదు: ఘుమఘుమకై పిండిని కరకరలాడ వేయించినచో ఆ యెంజైము చచ్చును, కావున కాచువారు తక్కువ వేడిమీద ఆరబెట్టుదురు.

రాగి ఆఫ్రికాలో పుట్టి మన దేశమునకు వలసవచ్చిన ధాన్యము. పుట్టినింట దానిని త్రాగుచున్నారు. ఉగాండాలోని తేసోజాతివారు కుండచుట్టు కూర్చుండి పొడవైన గొట్టములతో పీల్చు అజోను రాగిదే. హిమాలయములలో సిక్కిమువారు మర్చా యను పిండిబిళ్లలతో రాగిని పులియబెట్టి, వెదురుపాత్రలో వేడినీరు పోసి పీల్చు తోంగ్బాయును రాగిదే. నడుమనున్న మనము మాత్రము ఆ ధాన్యమును సంగటిగా ముద్దజేసి, అంబలిగా పలుచజేసి, మత్తులేని మార్గమున బోతిమి. తక్కువ పనితనమని యెవరైన ననుకొన్నచో, సాయంకాలము రాగిపిండిని నీట కలిపి కుండలో నుంచి, రాత్రి పులిసిన దానిని ప్రొద్దున నూకలుడుకుచున్న యెసటిలో ఉండకట్టకుండ పోసి, చల్లార్చి, మజ్జిగయు ఉల్లిపాయయు చేర్చు వరకు ఎన్ని నిర్ణయములున్నవో ఒక వారము చేసి చూడవలెను. ఈ పులుపు ప్రధానముగా లాక్టికామ్లమును పుట్టించు బాక్టీరియాల పని. కోస్తావారి పులిసిన గంజి యగు తరవాణిలోను అంతే. పులియబెట్టు విద్యను చట్టభయము లేక నేర్వదలచిన హిందూపురపు యువకునకు ఇంతకంటె మంచి తొలిపాఠము లేదు.

పాత్రల సంగతి. మట్టికుండ గోడలు సూక్ష్మరంధ్రములతో నిండియుండును. నిన్నటి పులుపు వానిలో దాగి నేటి పిండికి తోడుపడును గనుక అంబలికి కుండ శ్రేష్ఠము. కొరియావారి జాడీలు పచ్చళ్లకు మేలగుటకును ఈ గాలి యాడుటయే కారణము. ఆ గుణమే బీరునకు దోషము. నిన్నటి సూక్ష్మజీవులు అందులో పిలువని పేరంటము. లోపల మెరుగుపూత గల జాడీ ఊరగాయకు మంచిదేగాని, పాతకాలపు చౌక పూతలలో సీసము కలియుట కలదు. పులుపు దానిని లాగును. కళాయి లేని ఇత్తడిలోను రాగిపాత్రలోను పులుసు నిలువయుంచరాదని మన పెద్దలు చెప్పినమాటకు తిరుగులేదు. అల్యూమినియము కాచుటకు పనికివచ్చును గాని పులియబెట్టుటకు తగదు. ధర్మవరములో పట్టుదారము రంగువేయువారు వాడి అమ్మివేసిన పెద్ద గంగాళములు చౌకగా దొరకినను, తినుటకుగాని త్రాగుటకుగాని వలయునదేదియు వానిలో పోయరాదు. రంగులు పాత్రను విడచిపోయినవని కంటికి తోచినంత మాత్రమున పోయినట్లు గాదు.

విదేశపు కిట్టులలో ప్రధానమైనది ఆహారమునకు తగిన ప్లాస్టిక్కు బకెట్టు. ఆరున్నర గాలనులు, అనగా దాదాపు ఇరువదియైదు లీటర్లు పట్టును. అందులో పందొమ్మిది లీటర్లు పోసి మిగిలిన చోటు నురుగునకు విడుతురు. తేలిక, చౌక, పగులదు. కాని పీచుతో తోమిన ప్రతి గీతయు క్రిములకు గూడు. గాజుకూజా గీతపడదు, లోపలి వింతయంతయు కనబడును. అయితే నిండుకూజా తడిచేతినుండి జారెనా, పని ఆస్పత్రిలో తేలును. పైగా హాప్స్ పూవుల చేదు కలిసిన బీరునకు వెలుతురు తగిలినచో దుర్గంధము పుట్టును గనుక గాజునకు నల్లగుడ్డ ముసుగు వేయవలెను. స్టీలు పాత్ర వీనిలో నుత్తమము. గట్టిమూత గల పెద్ద స్టీలుడబ్బా లేని రాయలసీమ యిల్లు నే నెరుగను. దాని మూతకు బెజ్జము వేసి రబ్బరు బిరడా తొడిగినచో పెట్టెలోని పాత్రకు లోటులేదు. కావుననే పాత్ర కడపటిదంటిని.

వంకరగొట్టపు ఎయిర్‌లాకును చూచి క్రొత్తవారు మిక్కిలి సంబరపడుదురు. అందులో రెండు చెంచాల నీరు పోసినచో లోపలి వాయువు బుడబుడమని బయటికి బోవును, బయటి గాలి లోనికి రాదు. బుడగలు నిలిచినవి గనుక పులియుట ముగిసినదని నమ్ముట పెద్ద పొరపాటు. మూత సరిగా బిగియనిచో మొదటినుండియే బుడగ రాదు, ఎండకు వాయువు ఉబ్బినచో ముగిసిన పిమ్మటను బుడగ వచ్చును. ముగింపును చెప్పునది దూదిలో చుట్టియున్న ఆ గాజుకాడ, హైడ్రోమీటరు. పాలకేంద్రములలో లాక్టోమీటరు చూచినవారికి దీనిని వివరింపనక్కరలేదు. చక్కెర కరగిన కొలది కాడ పైకితేలును, చక్కెర హరించిన కొలది మునుగును. 1784లో రిచర్డ్‌సను అను ఆంగ్లేయుడు దీనిని కాచువారికి అలవాటుచేసెను. తొలుత 1.048 చూపి తుదకు 1.010 చూపినచో, ఆ తేడాను 131తో గుణించిన నూటికి అయిదుపాళ్లు మద్యసారమని తేలును. రెండు మూడు దినముల యెడమున రెండుసార్లు ఒకే అంకె వచ్చినప్పుడే పులియుట ముగిసినట్లు. ఇది లేని కిట్టును ఎంత చౌకయైనను కొనవలదు.

థర్మామీటరు రెండవది, మా వైపు ఊళ్లలో దాని యవసరము మరియు నెక్కువ. హిందూపురము సముద్రమట్టమునకు సుమారు ఆరువందల ఇరువది మీటర్ల యెత్తున నున్నది. ధర్మవరము మూడువందల నలుబదియైదు మాత్రమే. వేసవిలో రెండూళ్లకు నడుమ ఒకటి రెండు డిగ్రీల భేదము తప్పదు. సాయంకాలము కలిపిన అంబలిపిండి ధర్మవరములో తెల్లవారకమునుపే పొంగునప్పుడు, మార్గశిరపు చలిలో హిందూపురమున ప్రొద్దెక్కినను చప్పగా నుండును. సామాన్యమైన ఏల్ ఈస్టునకు హితమైన వేడి పదునెనిమిదినుండి ఇరువదిరెండు డిగ్రీలు. ముప్పదిని దాటినచో అది పని మానదు, త్వరగానే చేయును. కాని వార్నిషువాసన గల రుచులను, తలనొప్పి దెచ్చు బరువైన మద్యసారములను పుట్టించును. తడిగుడ్డ చుట్టి, నీళ్లతొట్టిలో నిలిపి, గాలి తగులు కిటికీప్రక్కన నుంచినచో కొన్ని డిగ్రీలు తగ్గునని కుండనీళ్లు త్రాగినవారికి వేరుగా చెప్పనేల? మరియొక ఉపాయము, నార్వే పల్లెవారు తరతరములుగా కాపాడుకొన్న క్వైక్ అను ఈస్టు. అది ముప్పది, నలుబది డిగ్రీల నడుమనే సుఖముగా పనిచేయును. మంచుదేశపు ఈస్టు మన గాడ్పునకు తట్టుకొనుట వింతయే. మనవలెనే వేడిగల టెక్సాసులో కాపురముండు తెలుగువారు దీనిని గుర్తుంచుకొనవలెను.

నీటిని గూర్చి ఒక్కమాట. అనంతపురపు భూగర్భజలములలో ఫ్లోరైడు బాధ పాతది. కాచినచో క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు; నీరింకినకొలది చిక్కబడును. అంబలికైనను శుద్ధిచేసిన నీరు వాడుట మంచిది.

ఆ తెల్లని పొడి విషయమున నేను కొంచెము పట్టుదలగా మాటలాడెదను. కడుగుట వేరు, శుద్ధిచేయుట వేరు. కంటికి కనబడు మురికిని పీచుతోడను సబ్బుతోడను తీయుట మొదటిది; కంటికి కనబడని క్రిముల నణచుట రెండవది. మొదటిది సరిగా జరుగనిచో రెండవది వ్యర్థము, ఏలయన జిడ్డుపొర క్రింద క్రిమి హాయిగా నుండును. పాలడైరీలలో వాడు అయొడోఫరుగాని, కాచువారికై యమ్ము ఆమ్లద్రావణముగాని కొద్దిగా నీట కలిపి, కాగి చల్లారిన పానీయమునకు తగులు ప్రతి వస్తువును, మూతను, గొట్టమును, చెంచాను, చేతిని అందు తడుపవలెను. అవి లేనిచోట సలసల కాగు నీరే శరణ్యము. వేడికి తాళలేని ప్లాస్టిక్కునకును, పగులు గాజునకును ఆ మార్గము గూడ లేదు. క్రొత్తవారి పానీయము చెడినదని విన్నప్పుడెల్ల నేను అడుగు తొలిప్రశ్న, రబ్బరు గొట్టము లోపల కడిగితివా యని. కడుగలేదనియే తరచుగా సమాధానము. గొట్టమును ఏటేటా మార్చవలెను. దానికంటె చౌకయైన వైద్యము లేదు.

పరిమాణమును గూర్చి భిన్నాభిప్రాయములున్నవి. పందొమ్మిది లీటర్లు కాచినను నాలుగు లీటర్లు కాచినను శ్రమ యొకటే గనుక పెద్దదే మేలని పెక్కుమంది యందురు. 1978లో అమెరికా గృహపాకుల సంఘమును మిత్రునితో కలిసి స్థాపించి, 1984లో ఈ విద్యకు పేరొందిన పుస్తకము వ్రాసిన చార్లీ పపాజియనునాటినుండి అయిదు గాలనులే వాడుక. నా మతము వేరు. పెద్ద కుండలో తప్పు చేసినవాడు యాబది సీసాల తప్పును మోరీలో పారబోయవలెను. చిన్న కుండవాడు పది సీసాలతో బయటపడి మరుసటి వారమే మరల చేయును. మొదటి యేడు పండ్రెండుసార్లు చిన్నగా చేసినవాడు మూడుసార్లు పెద్దగా చేసినవానికంటె ఎక్కువ నేర్చునని నేను పందెము కట్టెదను. సీసాల విషయమున మాత్రము ఎవరికిని చొరవ పనికిరాదు. వాయువు కొఱకు లీటరునకు ఆరు గ్రాముల చొప్పున చక్కెర కలిపి మూతబిగించునప్పుడు సీసాలో పుట్టు ఒత్తిడికి, గోలీసోడా సీసా గాజు ఎంత మందమో తలచుకొని, పలుచని నీళ్లసీసాలను దూరముగా నుంచవలెను. పులియుట ముగియకమునుపే మూతవేసిన సీసా బాంబే.

మా యింటి కిట్టు చరిత్ర ముగింపు గలది. బీరు కాచుట పొసగదని తేలినపిమ్మట, బెల్లమును అల్లమును పులియబెట్టి సోడా చేయుదమని మేనల్లుడు సూచించెను. హిందూపురపు బెల్లపుమండి వీథిగడపలోనే యున్నది. మా అక్క ససేమిరా యనెను. "బెల్లం నీళ్లు ఇంట్లో నురగొస్తా ఉంటే ఊట అంటారే గానీ సోడా అంటారా ఎవరైనా?" ఆమె వాదమునకు మావద్ద జవాబు లేకపోయెను. తుదకు, శ్రీరామనవమి దాటి పదిదినములైనను, లీటరునకు నూరు గ్రాముల బెల్లముతో పానకము కలిపించి, పులియబెట్టకయే, పొడవాటి గాజుగ్లాసులో హైడ్రోమీటరును తేల్చి చూచితిమి. అంతకు ముందు ఉత్తనీట ముంచగా 1.000 చూపవలసిన కాడ 0.996 చూపెను. "తప్పుడు కాడ మామా" అని వాడు నిరాశపడగా, ఆ కాడమీద చలిదేశపు గది వేడికి గీతలు గీసిరనియు, మన నడవలో ముప్పదిమూడు డిగ్రీలనియు, వేడినీరు తేలికయనియు చెప్పితిని. పానకమున 1.033 వచ్చినది, ఆ నాలుగు వేయింట వంతులు కలుపగా 1.037. లెక్క సరిపోయినందుకు ముగ్గురము సంతోషించి పానకము త్రాగితిమి.

ఇప్పుడు థర్మామీటరు మా అక్క పెరుగు తోడువేయుటకు వాడుచున్నది. గాజుకూజాలో చింతపండు పోసినది. ఎయిర్‌లాకు పిల్లల యాటలో పోయినది. హైడ్రోమీటరు ఆ మధ్యాహ్నమే, కుళాయి క్రింద కడుగుచుండగా మేనల్లుని చేతినుండి జారి రెండు తునుకలైనది. తిరిగి వెళ్లిన వారమున వాడు క్రొత్తది కొన్నాడు, అదియు రెండు నెలలకు పగిలినదట. చట్టము సమ్మతించుచోట నుండి కిట్టు కొనువారు గాజుకాడలు రెండు కొనుడు.